కొలతల చీటీలో అక్క పేరు

ఈ అరబ్బు దేశంలో, ఉమ్ ఘువైలినా పేటలో, మా కుట్టుకొట్టు ముందు ఉదయం ఎనిమిదింటికే ఎండ నిలబడుతుంది. పక్క కేఫెటేరియా నుంచి యాలకులేసి మరిగించిన కరక్ చాయ్ వాసన, ఇటు లాండ్రీ నుంచి వేడి ఆవిరి. లోపలికి వస్తే ముందు గదిలో గాజు కౌంటరు, గౌన్లు తొడిగిన రెండు డమ్మీలు, ఒక మూల ట్రయల్ రూమ్. పరదా తీసుకుని వెనక్కి వెళ్తే మా లోకం. ఐదు కుట్టుమెషీన్లు, కటింగ్ టేబుల్, ట్యూబ్‌లైట్లు. కిటికీ ఒక్కటీ లేదు. పగలు ఎప్పుడైందో, సాయంత్రం ఎప్పుడైందో మాకు ఫోన్ చెప్పాలి.

నేను ఎమ్మే చదివాను. ఆ చదువు అన్నం పెట్టలేదు. జగిత్యాలలో నాన్న దగ్గర నేర్చుకున్న కటింగ్ పెట్టింది. కస్టమర్లు తెచ్చే బొమ్మలను చూసి కాగితం మీద కొలతలకు దించి, ముక్కలుగా గీసి ఇవ్వడం నా పని. మా సొంత అక్క, పుష్పక్క, నాకంటే ముందే ఇక్కడికి వచ్చింది. మూడేళ్ళుగా మూడో నంబరు మెషీన్ ఆమెదే. మూడేళ్ళలో ఒక్కసారీ ఇంటికి వెళ్ళలేదు. ఆ గురువారం వెళ్ళాలి. టికెట్ వచ్చేసింది. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రయాణం గురించే.

ఆదివారం పొద్దున కౌంటర్లో కూర్చునే అల్ఫియా ఒక కాగితం పట్టుకుని లోపలికి వచ్చింది. టోలీచౌకీ పిల్ల. గలగలా మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం నెమ్మదిగా వచ్చింది.

"కొత్త ఆర్డర్ భయ్యా. బుధవారం రెండింటికి వచ్చి తీసుకుపోతదంట."

పెన్సిల్ బొమ్మ. తొందరగా గీసింది. అన్నీ కలిపితే నలభై గీతలు కూడా ఉండవు. పొడుగాటి మెడ, కొంచెం పైకెత్తిన ఎడమ భుజం, నడుం మీద ఒక చేయి, పిడికిట్లో పట్టేంత నడుం, అక్కడి నుంచి నేల దాకా ఒక్క ఊపులో జారిన గౌను. జుట్టుకు ఒకే ఒక గీత. ముఖం ఉండాల్సిన చోట గుడ్డు ఆకారం, అంతే. అయినా షోకైన మనిషి అని చూడగానే తెలుస్తుంది. నిలబడ్డ తీరులోనే ఆ పొగరు ఉంది.

"ఎవరు గీశారు?" అన్నాను.

"ఆమెనే. నా ముందే గీసింది. అర నిమిషం పట్టలే."

"ఎట్లుంది మనిషి?"

అల్ఫియా నోరు తెరిచి ఆగిపోయింది. "కాళ్ళ దాక నల్ల అబాయా... పొడుగ్గుంది. మొఖం..." చేయి గాలిలో తిప్పింది. "యాదికొస్తలేదు భయ్యా. పెన్సిల్ చప్పుడు మాత్రం యాదుంది."

నేను బొమ్మను అందరికీ కనపడేట్టు ఎత్తి పట్టుకున్నాను. "చూశారా? మెడ ఉంది, నడుం ఉంది, ముఖం లేదు. ఇది ఊరికే జరగలేదు. బజారుకి ఆడదాని ఒళ్ళు కావాలి, ఆమె ముఖం అక్కర్లేదు. మనిషిని సరుకు చేసే సంస్కృతి ఇట్లాగే..."

"మొదలువెట్టిండు," అంది అక్క దారం కొరుకుతూ. "ముక్కు గీసే తీరిక లేకుంటే గీయలేదురా. గంతదానికి మీటింగ్ వెడ్తవా?"

మెషీన్ల మీద నవ్వులు. రాజేశం మాస్టర్ మాత్రం నవ్వలేదు. సిరిసిల్ల మనిషి, ముప్పై ఏళ్ళుగా చేతిలో కత్తెర. ఆయన కళ్ళద్దాలు దించుకుని బొమ్మను చూశాడు, దానితో వచ్చిన చీటీని చూశాడు. చీటీ ఖాళీ.

"కొలతలేవి?"

"అడిగిన మాస్టర్," అంది అల్ఫియా. "చీటీ నా దిక్కే జరిపి, మీరే రాసుకోండి అన్నది."

"కొలత లేని బొమ్మకు కత్తెర పెట్టద్దు. పక్కన వడెయ్యున్రి."

మా పనిలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఫ్యాషన్ బొమ్మలు అబద్ధమాడతాయి. మామూలు మనిషి పొడుగు ఏడున్నర తలలంత ఉంటే, బొమ్మలో మనిషి తొమ్మిది తలలంత ఉంటుంది. కొలతల చీటీ వచ్చి దాన్ని నేలకు దించాలి. చీటీని బొమ్మకు పిన్ను కొడితేనే మా దగ్గర అది ఆర్డర్. కొట్టేదాకా ఒట్టి కాగితం.

ఆ పూట నాకు ఒళ్ళు మండుతోంది. అక్క చేతివేళ్ళ చివర సూది గుచ్చిన చుక్కలు కనిపిస్తున్నాయి. మోకాళ్ళ నొప్పికి రాసుకున్న మందు వాసన వస్తోంది. మూడేళ్ళలో ఎన్ని వందల గౌన్లు కుట్టిందో, ఒక్కటి ఒంటి మీద వేసుకోలేదు. నేను చీటీ లాక్కున్నాను. పేరు దగ్గర 'పుష్ప' అని రాశాను. భుజం పద్నాలుగున్నర, ఛాతీ ముప్పై ఆరు, నడుం ముప్పై రెండు. నా చేత్తోనే, పెన్నుతో రాశాను.

"దున్నేవాడిదే భూమి అయితే, కుట్టేవాళ్ళదే గౌను!" అని అరిచాను.

"చెరిపెయ్యి తమ్మీ," అన్నాడు మాస్టర్.

"పెన్నుతో రాసింది చెరగదు మాస్టర్."

"సూత్తివానోయ్, నేను గీ గౌనేసుకొని జగిత్యాల బస్టాండుల దిగుతనంట!" అక్క పడీపడీ నవ్వింది. "మీ బావ నన్ను గుర్తువట్టక వేరే ఆటో సూస్కొమ్మంటడు."

నేను స్టేప్లర్ తీసుకుని, చీటీని బొమ్మకు పిన్ను కొట్టాను.

మధ్యాహ్నం నర్సింగ్ బావ వీడియో కాల్ చేశాడు. జగిత్యాలలో ఆటో నడుపుతాడు. "ఏం లీడరూ, మా ఇంటిదాన్ని ఎప్పుడు తోలిత్తున్నవ్?"

"బావా, తోలడానికి ఆమె ఏమన్నా బర్రెనా? ఆమె స్వతంత్ర వ్యక్తి."

"సరే తియ్. ఆ స్వతంత్ర వ్యక్తికి చెప్పు, కజ్జూరపండ్లు మర్సిపోవద్దని."

ఆ రాత్రే ఆ కొలతలకు కాగితం గీసి, గుడ్డ కోశాను. సోమవారం ట్రయల్. కస్టమర్ రాని ఆర్డర్లకు మా దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి. చీటీలో పేరున్న మనిషి ఎదురుగా ఉండగా ఇంకొకరు ఎందుకు? కచ్చా కుట్టు వేసిన గౌనును అక్క తన బట్టల మీదనే తొడుక్కోబోయింది. నడుం దగ్గర ఎక్కలేదు. ఎంత లాగినా ఎక్కలేదు.

టేపు పెట్టి చూశాను. ఇరవై ఆరు.

కాగితం ముక్కలు తీసి కొలిచాను. ముప్పై రెండు. ఆ కాగితం పెట్టి కోసిన గుడ్డ ఇరవై ఆరు ఎట్లా అవుతుంది? మాస్టర్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆయన గుడ్డ అంచును వేళ్ళతో తడిమి, "కత్తెర సక్కగనే పోయింది," అన్నాడు. అంతే.

"రేపు పొద్దున విప్పి మళ్ళీ కోస్తాను," అన్నాను.

మంగళవారం నేను వచ్చేసరికి అక్క గౌను తొడుక్కుని అద్దం ముందు ఉంది. పట్టేసింది. నడుం దగ్గర, భుజం దగ్గర, ఒక్క ముడత లేదు.

"విప్పినవా?" అనడిగింది.

"లేదు."

"మరి ఎట్ల వట్టింది?"

నేను టేపు తీసుకుని ఆమె నడుం చుట్టూ తిప్పాను. ఇరవై ఆరు. టేపు కింద ఒళ్ళు మెత్తగా లేదు. కాగితాన్ని చుట్టలా చుట్టి పట్టుకుంటే ఉంటుందే, అట్లా ఉంది. మందు వాసన రావడం లేదు. చెమట వాసన, కొబ్బరినూనె వాసన, ఏదీ లేదు. కొత్తగా చెక్కిన పెన్సిల్ దగ్గర ముక్కు పెడితే వచ్చే వాసన మాత్రం... సన్నగా.

"అక్కా, నీకేమన్నా అయితుందా?"

"మోకాళ్ళు నొస్తలేవురా." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మూడేండ్ల సంది మొదటిసారి, పొద్దున మంచం మీదికెళ్ళి అల్కగ లేసిన. నువ్వు దాన్ని పాడుచెయ్యకు."

గౌను కింద ఆమె చుడీదార్ చేతులు నిన్నటి దాకా మోచేతికి వచ్చేవి. ఇప్పుడు మోచేతికి నాలుగు వేళ్ళ పైన ఉన్నాయి.

ఫోన్ తీశాను. కంప్లైంట్ రాయడం నాకు కొత్త కాదు. కూలీల క్యాంపుల్లో ఉండే మనవాళ్ళకు నేనే రాసిపెడతాను. ఎవరి మీద రాయాలి? ఏమని రాయాలి? తెర మీద కర్సర్ కొట్టుకుంటూ ఉండిపోయింది.

మాస్టర్ నన్ను కటింగ్ టేబుల్ చివరకు పిలిచాడు. బొమ్మను ట్యూబ్‌లైట్ కింద పెట్టాడు. గొంతు బాగా తగ్గించాడు.

"నువ్వు మొఖం లేకపోవుడు సూసినవ్. నేను గీతలు సూసిన. బట్ట గీసేటోళ్ళు ముందుగాల బట్ట గీత్తరు. ఒళ్ళు దాని కింద ఉన్నట్టే అనిపియ్యాలె, గంతే. ఇండ్ల సూడు, ఒళ్ళంత గీసినంక దాని మీద బట్ట గీసింది. ఇగో, నడుం గీత బట్ట కిందికెళ్ళి పోయింది. తుంటి గీత కూడ."

"అయితే ఏంటి మాస్టర్?"

"గిది గౌను కోసం గీసింది కాదు తమ్మీ. ఒళ్ళు కావాలని గీసింది."

నేను డ్రాయర్‌లోంచి రబ్బరు తీశాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నడుం మీద ఉన్న చేతి దగ్గర, చిటికెన వేలు చివర, ఒక్కసారి రుద్దాను. చిన్న గీత పోయింది.

మూడో నంబరు మెషీన్ దగ్గర అక్క కేక పెట్టింది.

పరిగెత్తాను. సూది గుచ్చుకుందనే అందరూ అనుకున్నారు. రక్తం లేదు. ఎడమ చేతి చిటికెన వేలు చివరి కణుపు ఉంది, కానీ గోరు లేదు. గోరు ఊడలేదు. అక్కడ ఎప్పుడూ గోరు లేనట్టు, నున్నగా... తెల్లగా...

"ఏమైందిరా?" అంది. "ఎవలో గోకినట్టనిపిచ్చింది."

రబ్బరు నా జేబులో ఉంది. చెప్పలేదు. కాగితాన్ని చింపి పారేద్దామనుకున్నవాణ్ణి, ఆ వేలు చూశాక దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ముడత పడకుండా టేబుల్ మీద పెట్టాను. పెన్సిల్‌తో నడుం గీతను కొంచెం బయటికి గీద్దామని చూశాను. గాజు మీద గీసినట్టు ములుకు జారిపోయింది. మెడ దగ్గర ప్రయత్నించాను. జారిపోయింది. బొమ్మ ఒంటి మీద నా గీత ఒక్కటీ నిలవలేదు.

బుధవారం అక్క మాట్లాడడం తగ్గించింది. పిలిస్తే ఆలస్యంగా తిరుగుతోంది. ఆమె తలుపులోంచి వస్తే తల పైచెక్కకు తగలబోయింది. ఐదడుగుల మనిషి. తోటివాళ్ళు పలకరించడం మానేసి మెషీన్ల మీదికి వంగిపోయారు. నేను ఆమె ముఖంలోకి చూడకుండా పొద్దున్నించీ తప్పించుకుంటున్నాను. పన్నెండింటికి చూశాను.

కనుబొమ్మలు పలచబడ్డాయి. పెదవుల అంచు కలిసిపోతోంది. నీళ్ళు పోసి కడిగిన పలక మీద అక్షరాల్లా... ఉన్నాయి, లేవు.

అప్పుడు తట్టింది. బొమ్మలో ఒంటి మీద గీత నిలవలేదు. ముఖం ఖాళీగా ఉంది కదా. అక్కడ నేను అక్క ముఖం గీస్తే?

పెన్సిల్ పెట్టాను. నిలిచింది.

చేతులు వణికాయి. కళ్ళు గీశాను. కనుబొమ్మలు... అక్కవి మధ్యలో కలుస్తాయా? విడిగా ఉంటాయా? తల ఎత్తి చూశాను. ఎదురుగా ఉన్న ముఖంలో జవాబు అప్పటికే పోయింది. ముక్కు. ముక్కుపుడక ఏ వైపు? బుగ్గ మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని బడికి తీసుకుపోతుంటే దాన్ని వేలితో నొక్కేవాణ్ణి. కుడి బుగ్గా? ఎడమ బుగ్గా? శ్రామిక స్త్రీ మీద ఎన్ని వ్యాసాలు రాశాను. ఎన్ని సభల్లో మాట్లాడాను. ఒకే గదిలో, ఆరడుగుల దూరంలో, ఏడాదిన్నర కూర్చున్నాను. అక్క ముక్కు నాకు గీయ వస్తలేదు.

"మాస్టర్, మచ్చ ఏ దిక్కు?"

రాజేశం మాస్టర్ అడ్డంగా తల ఊపాడు. ఆయనకూ తెలియదు.

ఫోన్‌లో ఫోటో చూద్దామని తీశాను. టైమ్ ఒకటీ యాభై ఎనిమిది. తలుపు గంట మోగలేదు. పరదా అవతల అల్ఫియా గొంతు మాత్రం వినిపించింది. "అస్సలాము అలైకుమ్ మేడమ్..."

మచ్చ ఎడమ బుగ్గ మీద పెట్టాను. పెదవులకు చిన్న నవ్వు గీశాను.

అక్క లేచింది. ఎవరూ పిలవలేదు. గౌను చేతిలో పట్టుకుని పరదా దాటి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. ముందు గదిలో ఎవరూ లేరు. అద్దాల అవతల వీధి తెల్లగా మండుతోంది. మనిషి లేడు, పిల్లి లేదు. ట్రయల్ రూమ్ పరదా ఊగుతోంది.

"మేడమ్ ఏది?" అన్నాను.

అల్ఫియా పెదవులు కదిలాయి. "లోపల."

"అక్క?"

"లోపల."

ఆ గదిలో ఇద్దరు పట్టరు. ఒక మనిషి మోచేతులు చాపితేనే గోడలు తగులుతాయి. పరదా కింద జానెడు సందు ఉంది. వంగి చూశాను. ఒక్క జత పాదాలు కూడా లేవు.

చప్పుడు మాత్రం ఉంది. కాగితం మీద పెన్సిల్. తొందరగా... చాలా తొందరగా... ఆగకుండా...

"అక్కా."

చప్పుడు ఆగింది.

"తమ్మీ..." అంది అక్క గొంతు. గుసగుసగా. గోడ అవతల నుంచి వచ్చినట్టుంది. "తమ్మీ, నా పేరు కొట్టెయ్యవా..."

"అక్కా, ఎట్ల? ఎట్ల కొట్టెయ్యాలె?"

పేరు మీద గీత పెడితే ఆ గోరులాగే అక్క కూడా పోతుందేమో. నేను పరదా పట్టుకుని లాగాను. రాలేదు. బట్ట పరదా, ప్లాస్టిక్ రింగులు. నేనూ మాస్టరూ కలిసి లాగాం. గోడను లాగినట్టుంది. ఎంతసేపు లాగామో తెలియదు. అరిచాను. నాకు వచ్చిన నినాదాలన్నీ అరిచాను అనుకుంటాను. అల్ఫియా తర్వాత చెప్పింది, నేను అరవలేదట. నా నోరు మాత్రమే కదిలిందట.

తర్వాత పరదా దానంతట అదే పక్కకు జరిగింది.

అక్క బయటికి వచ్చింది. తన నీలం చుడీదార్‌లో. ఐదడుగుల ఎత్తు. మునుపటి నడుమే. గౌను లేదు. గది ఖాళీ. చీటీ పిన్ను కొట్టిన బొమ్మ కోసం కటింగ్ టేబుల్ దగ్గరికి పరిగెత్తాను. కాగితం ఉంది. పిన్ను ఉంది. చీటీ మీద నా రాత ఉంది. బొమ్మ లేదు. నలభై గీతల్లో ఒక్కటి కూడా లేదు. నేను గీసిన ముఖం కూడా లేదు.

"పోదామా?" అంది. "సామాన్ సదురుకోవాలె."

మాస్టర్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. అల్ఫియా ఏడ్చేసి, "అల్‌హమ్దులిల్లా," అంది. అందరూ అక్క చుట్టూ మూగారు. చేయి పట్టుకుని చూశారు. గోరు కూడా వచ్చేసింది. నేను మాత్రం దగ్గరికి వెళ్ళలేకపోయాను.

గురువారం సాయంత్రం ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళాను. ట్యాక్సీలో ఆమె బయటికే చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు లైటు ముఖం మీద పడింది.

పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీద ఉంది.

ఫోన్‌లో పాత ఫోటో తెరిచాను. ముందు రోజే తెరవాల్సింది. అప్పుడే తెరిచి ఉంటే... ఫోటోలో మచ్చ కుడి బుగ్గ మీద. కనుబొమ్మలు మధ్యలో కలిసి ఉన్నాయి. ఎదురుగా ఉన్న ముఖంలో విడిగా ఉన్నాయి, ఒకటి కొంచెం పైకి. నా చేయి వణికిన చోట.

"అక్కా," అన్నాను. "నన్ను బడికి ఎవరు తీసుకుపోయేవాళ్ళు?"

ఆమె నవ్వింది. మంచి నవ్వు. నేను గీసిన నవ్వు.

"ఫ్లైటుకు లేటయితది," అంది.

ఆఫీసరు పాస్‌పోర్టు చూశాడు, ఆమెను చూశాడు, ముద్ర వేశాడు. నేను గాజు ఇవతల నిలబడి చేతులు ఊపాను. ఆపండి అని అరవాలి. ఏమని ఆపమనాలి? ఈమె మా అక్క కాదు, నేను తప్పుగా గీశాను అని ఎవరితో అనాలి? ఆమె ఎస్కలేటర్ ఎక్కి పైకి వెళ్ళిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం నర్సింగ్ బావ ఫోన్ చేశాడు. ఎత్తగానే ఎగతాళి చేసే మనిషి. ఆ రోజు నన్ను లీడరూ అని పిలవలేదు.

"బామ్మర్ది, నీకొకటి సూపియ్యాలె. నవ్వద్దు."

"చెప్పు బావా."

"మీ అక్క వచ్చినకాంచి గట్లనే నిలవడ్డది. కూసోమంటే నవ్వుతది. తల దువ్వుదామని మా చెల్లె ఎనుకకు పోయి ఒర్రుకుంట బయటికి ఉరికింది. నాకేం సమజైతలేదు. నువ్వు సదువుకున్నోనివి. సూసి చెప్పు."

వీడియో ఆన్ చేశాడు. గది మధ్యలో అక్క నిలబడి ఉంది, తల కొంచెం పక్కకు వంచి. ఒక చెవి, ఒక బుగ్గ, ఒక భుజం. ఆమె వెనక ఇనుప బీరువా.

"ఇగో, సుట్టు తిరుగుతున్న."

ఫోన్ కదిలింది. బీరువా పక్కకు జరిగింది. కిటికీ వచ్చింది. కిటికీ పోయి గోడ మీద క్యాలెండర్ వచ్చింది. క్యాలెండర్ పోయి తలుపు వచ్చింది. తలుపు పోయి మళ్ళీ బీరువా వచ్చింది. గది మొత్తం ఒక చుట్టు తిరిగింది. ఆమె పాదాలు కదల్లేదు.

ప్రతి దిక్కు నుంచీ అదే చెవి. అదే బుగ్గ. అదే భుజం. కాగితం మీద గీసిన బొమ్మకు వెనక వైపు ఉండదు.

"సూసినవా?" బావ గొంతు బాగా తగ్గిపోయింది, ఆమెకు వినపడకూడదన్నట్టు. "బామ్మర్ది... ఉన్నవా? ఇంకో సుట్టు తిరగాల్నా?"